ఆయన హైదరాబాద్‌లో, నేను విశాఖలో: ఇంటి ఖర్చుకు జాయింట్ అకౌంట్ ఎలా తెరవాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విశాఖపట్నం, గోపాలపట్నం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24,000. మావారు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. ఆయన చేతికి 70,000 వస్తుంది. అందులో అక్కడి గది అద్దె, భోజనం, రాకపోకలకు 20,000 దాకా పోతుంది. పాపకు ఐదేళ్లు. అత్తయ్యగారికి షుగరు, బీపీ ఉన్నాయి. పాప బడి, అత్తయ్యగారి డాక్టరు, సొంత ఇల్లు అన్నీ ఇక్కడే కాబట్టి మేం కదల్లేదు. ఆయన నెలకోసారి శని, ఆదివారాలు వచ్చి వెళ్తారు. ఇంటి ఖర్చు నెలకు 30,000 దాకా అవుతుంది. డబ్బు కావాల్సినప్పుడల్లా ఫోన్ చేస్తే ఫోన్‌పేలో వేస్తారు. ఎప్పుడూ కాదనలేదు. కానీ గ్యాస్ బండకి, పాప బూట్లకి, మందులకి విడివిడిగా అడగాలంటే నాకే చిన్నతనంగా ఉంటోంది. ఆయన మీటింగ్‌లో ఉంటే నా జీతంలోంచి పెట్టేస్తాను, తర్వాత ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. జాయింట్ అకౌంట్ తెరుద్దామంటే ఆయన సరేనన్నారు. బ్యాంకులో అడిగితే ఇద్దరూ రావాలన్నారు. ఎవరి పేరు ముందు పెట్టాలి? జీతాలు మొత్తం అందులోనే వేయాలా? పన్ను ఎవరు కట్టాలి? అత్తయ్యగారేమో ‘ఇద్దరి పేర్ల మీద డబ్బుంటే రేపు గొడవలొస్తాయి, కావాలంటే నా పేరు కూడా కలపండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఆయన డబ్బు ఇస్తున్నారు, మీరు జాగ్రత్తగానే ఖర్చు పెడుతున్నారు. ప్రతిసారీ అడగాల్సి రావడం ఒక్కటే మీ ఇబ్బంది. కాబట్టి ఈ ఖాతా వల్ల జరగాల్సింది కూడా ఒక్కటే: గుమ్మం ముందుకు గ్యాస్ బండ వచ్చినప్పుడు మీరు ఎవరికీ ఫోన్ చేయకుండా డబ్బు కట్టగలగాలి. అది జరగకపోతే ఖాతా తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే. బ్యాంకు కౌంటర్ వెనక చాలాకాలం కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. పాస్‌బుక్ మీద రెండు పేర్లూ ఉంటాయి. కార్డు మాత్రం ఒక్కటే ఉంటుంది, ఫోన్ నెంబరూ ఒక్కటే ఉంటుంది. భార్య ఇక్కడ కరెంటు బిల్లు కడుతూ, వేరే ఊళ్లో ఉన్న భర్తకు ఓటీపీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటుంది. అలాంటి ఇళ్లు చాలా చూశాను.

అందుకే దరఖాస్తు ఫారంలో ఏ గడి ఎలా నింపుతారన్నదే ముఖ్యం. ముందుగా ఖాతాను ఎలా నడపాలన్న గడి. అందులో ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అన్నదానికి టిక్ పెట్టండి. అంటే ఇద్దరిలో ఎవరైనా, రెండోవారి సంతకం లేకుండా డబ్బు వేయొచ్చు, తీయొచ్చు. ఒకరికి ఏదైనా జరిగితే మిగిలినవారు మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చి ఖాతా నడుపుకోవచ్చు. దాని పక్కనే ‘జాయింట్లీ’ అని ఒకటి ఉంటుంది. పేరు చూసి చాలామంది అదే జాయింట్ అకౌంట్ అనుకుని టిక్ కొట్టేస్తారు. అది పెట్టుకుంటే ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి, ఏటీఎం కార్డు, యూపీఐ మామూలుగా ఇవ్వరు. మీ చెక్కు హైదరాబాద్ వెళ్లి సంతకం పెట్టించుకుని గోపాలపట్నం తిరిగొచ్చేలోపు పాప బడి ఫీజు గడువు దాటిపోతుంది. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని ఇంకొకటి ఉంటుంది. అందులో మొదటి పేరున్నవారు బతికి ఉన్నంతకాలం వారు మాత్రమే ఖాతా నడపగలరు. మీకు అది కూడా పనికిరాదు. బ్యాంకుకు బదులు పోస్టాఫీసుకు వెళ్తే అక్కడ ‘జాయింట్ బి’ అని అడగండి, ఎవరైనా తీసుకునే రకం అది. ‘జాయింట్ ఏ’ అంటే ఇద్దరూ సంతకం పెట్టాల్సిందే.

తర్వాతది ఫోన్ నెంబర్ల గడి. ఇదే అసలైన గడి అని నా ఉద్దేశం. బ్యాంకులో ఖాతాదారులు ఒక్కొక్కరికీ విడిగా కస్టమర్ ఐడీ ఉంటుంది. మీ ఐడీకి మీ నెంబరు, ఆయన ఐడీకి ఆయన నెంబరు ఎక్కాలి. హడావుడిలో ఒక్క నెంబరే రాసి ఊరుకుంటారు. అప్పుడు ఖాతా పేరుకే ఇద్దరిది, చేతల్లో ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్లదే. డెబిట్ కార్డులు రెండు కావాలని కూడా అదే రోజు రాసివ్వండి. రెండో కార్డుకు ఏడాదికి కొంత రుసుము పడితే పడనివ్వండి. మీ ఫోన్లో యూపీఐ పిన్ మీ కార్డుతో మీరే పెట్టుకోవాలి, ఆయన ఫోన్లో ఆయన. పిన్‌లు ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరమే ఉండదు. ఖాతాలో డబ్బు కదిలినప్పుడల్లా మెసేజ్ ఇద్దరికీ వచ్చే ఏర్పాటు ఉందా అని అడగండి. కొన్నిచోట్ల ఎస్ఎంఎస్ మొదటి పేరున్నవారికే వెళ్తుంది. అలాగైతే రెండోవారు ఈమెయిల్ అలర్టు పెట్టించుకోవచ్చు, లేదా బ్యాంకు యాప్‌లో చూసుకోవచ్చు.

ఇక ఎవరి పేరు ముందు? ఐదర్ ఆర్ సర్వైవర్ ఖాతాలో డబ్బు తీసే హక్కు ఇద్దరికీ ఒకటే. పేరు ముందున్నంత మాత్రాన పెత్తనం రాదు. కానీ బ్యాంకు నుంచి ఉత్తరాలు, చెక్కుబుక్కు మొదటి పేరున్నవారి చిరునామాకు వస్తాయి, పన్ను శాఖ రికార్డుల్లో వడ్డీ సాధారణంగా వాళ్ల పాన్ కిందే కనిపిస్తుంది. ఇంటి ఖర్చు ఇక్కడ, బ్రాంచి ఇక్కడ, ఏదైనా తేడా వస్తే బ్యాంకుకు వెళ్లేది మీరు. మీ పేరే ముందు పెట్టండి. ‘మగవాడి పేరు ముందుంటేనే బాగుంటుంది’ అని ఎవరైనా అంటే, బాగుండటం కోసం కాదు, రిజిస్టర్డ్ పోస్టు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుంటారో చూసుకుని పెట్టామని చెప్పండి.

ఇద్దరూ రావాలని బ్యాంకువారు చెప్పింది మామూలే. జాయింట్ ఖాతాలో రెండో పేరుకు కూడా మొదటి పేరుకు ఉన్నట్టే పూర్తి కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాల తనిఖీ) జరగాలి. ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌తో తెరిచే ఖాతాలు చాలావరకు ఒక్కరి పేరు మీద ఇచ్చేవే. మీ ఆయన వచ్చే శనివారం చూసుకుని వెళ్లడం మేలు, కానీ ఏ శనివారమో చూడండి. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. మొదటిదో మూడోదో అయ్యేట్టు రిజర్వేషన్ చేయించుకోమనండి. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్కితే శనివారం పొద్దున్నే ఇక్కడ దిగుతారు, స్నానం, టిఫిను అయ్యాక వెళ్లినా బ్యాంకులో పని అయిపోతుంది. అంతకుముందే మీరు ఒకరోజు వెళ్లి ఫారం తెచ్చి, మీ వివరాలు నింపి, ఏ కాగితాలు కావాలో రాయించుకుని రండి. ఆ నెల రావడం కుదరదనుకుంటే, అదే బ్యాంకుకు హైదరాబాద్‌లో ఆయన గదికి దగ్గరున్న బ్రాంచిలో ఆయన కాగితాలు చూసి, సంతకం తీసుకుని ఇక్కడికి పంపుతారేమో కనుక్కోండి. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే వాదనకు దిగకండి. ఒక నెల ఆగితే పోయేదేం లేదు.

ఈలోగా గడవడానికి యూపీఐ సర్కిల్ అని ఒక సదుపాయం ఉంది, 2024లో వచ్చింది. ఆయన ఖాతాలోంచి మీరు మీ ఫోన్‌తో కట్టేలా ఆయన అనుమతి ఇవ్వొచ్చు. ప్రతిసారీ ఆయన ఒప్పుకోనక్కర్లేని పద్ధతిలో పెడితే నెలకు 15,000, ఒక్కసారికి 5,000 వరకు పరిమితి. నెలా రెండు నెలలకు సరిపోతుంది. కాలేజీలో చదివే పిల్లలకైతే అది ఎప్పటికీ చాలు. సంసారం నడిపే మనిషికి మాత్రం ఆ పద్ధతే శాశ్వతం కాకూడదు. అందులో మీరు ఆయన ఖాతాను వాడుకునేవారే అవుతారు తప్ప ఖాతాదారు కారు.

కాగితాల సంగతికొస్తే ఇద్దరికీ ఆధార్, పాన్, ఫొటోలు, ఫోన్లు. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు కూడా. వినడానికి సులువే. మన తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇంటిపేరు దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. ఆడవాళ్లకైతే ఒకదాంట్లో పుట్టింటిది, రెండోదాంట్లో అత్తవారిది. జాయింట్ అకౌంట్ కోసం భర్త ఇంటిపేరు పెట్టుకోవాల్సిన పనేం లేదు. మీ ఆధార్, మీ పాన్ ఒకదానితో ఒకటి కలిస్తే చాలు. పెళ్లి తర్వాత పేరు మారి, కాగితం పాత పేరుతోనే ఉంటే ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువీకరణ పత్రం జతచేయొచ్చు, నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. పాన్, ఆధార్ అనుసంధానం అయ్యాయో లేదో కూడా ముందే చూసుకోండి. అది కాని పాన్ పనిచేయని పాన్ కిందే లెక్క. ఆయన ఆధార్‌లో గోపాలపట్నం చిరునామానే ఉంటే మార్చించకండి, ఈ ఖాతాకు అదే కలిసొస్తుంది.

మీకు పుట్టింటి నాటి ఖాతా ఏదైనా ఉంటే, ఆంధ్రా బ్యాంకుదో మరొకటో (అది 2020 ఏప్రిల్ 1 నుంచి యూనియన్ బ్యాంకు అయింది, మన ఊళ్లో ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటాం), దాంట్లోనే ఆయన పేరు చేర్చమని ఎవరైనా సలహా ఇస్తారు. పని తొందరగా అవుతుంది నిజమే. నేనైతే వద్దంటాను. ఒకసారి చేర్చిన పేరు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. మీ ఒక్కరి పేరున ఒక ఖాతా, ఆయన ఒక్కరి పేరున ఒక ఖాతా ఎప్పుడూ ఉండాలి. ఇంటి ఖాతా మూడోది.

జీతాలు మొత్తం అందులో వేయాలా అన్నదానికి నా సమాధానం ఇక్కడే ఉంది. వద్దు. కలిసి ఒకే ఇంట్లో ఉన్న దంపతులకు అది నడుస్తుందేమో. దూరంగా ఉన్నప్పుడు ప్రతి రూపాయీ ఒకే ఖాతాలో ఉంటే ఆయన అక్కడ స్నేహితులతో బిర్యానీ తిన్న మెసేజ్ మీకూ, మీరు చీర కొన్న మెసేజ్ ఆయనకూ వస్తాయి. తప్పు ఎవరిదీ కాకపోయినా, ఫోన్లో ‘అదేంటి?’ అని రాత్రి పదింటికి అడిగిన ప్రశ్న ఎదురుగా కూర్చుని అడిగినట్టు వినిపించదు. ఇంటి ఖాతాలోకి ఇంటి డబ్బే రావాలి.

మరి ఎవరు ఎంత? సగం సగం అంటే లెక్క సులువు, కానీ అన్యాయం. 30,000లో మీరు 15,000 వేస్తే మీకు 9,000 మిగులుతుంది, ఆయనకు అక్కడి ఖర్చులు పోను 35,000. జీతాల నిష్పత్తిలో అంటే మీది 24, ఆయనది 70. దాదాపు ఒకటికి మూడు. అప్పుడు మీరు 7,500, ఆయన 22,500 వేయాలి. ఆయన హైదరాబాద్ ఖర్చు 20,000 ముందే తీసేస్తే లెక్క 24కి 50, అంటే ఇంచుమించు ఒకటికి రెండు. మీరు 10,000, ఆయన 20,000. ఆయన సరదాకు అక్కడ ఉండటం లేదు కదా, ఆ ఖర్చు కూడా ఇంటి ఖర్చే. కాబట్టి మూడో లెక్క న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దానికి ఇంకొకటి కలపాలి. పాపను బడికి తయారు చేసేది, అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది, రైతు బజారుకు పరిగెత్తేది మీరు. వాటికి జీతం లేదు కాబట్టి ఏ నిష్పత్తిలోనూ కనబడవు. నన్నడిగితే మీరు 7,000, ఆయన 23,000 వేయండి. ఆయన కాదంటే 10,000 దగ్గర ఆగండి, అంతకు పైన ఒప్పుకోకండి.

ఈ 30,000 నెలవారీ ఖర్చు మాత్రమేనని గుర్తుపెట్టుకోండి. ఇల్లు మీ సొంతమన్నారు కాబట్టి జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) కట్టే ఇంటి పన్ను ఉంటుంది. ఏడాదిది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. జూన్‌లో పాప పుస్తకాలు, యూనిఫారాలు, తర్వాత దసరా, సంక్రాంతి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కూడి, పన్నెండుతో భాగించండి. వచ్చినదాన్ని కూడా నెలనెలా అదే నిష్పత్తిలో వేసుకుంటే జూన్‌లో టెన్షన్ ఉండదు. మీరు కడుతున్న చీటీ ఏదైనా ఉంటే అది మాత్రం మీ సొంత ఖాతాలోంచే కట్టండి.

డబ్బు ఈ ఖాతాలోకి ఎలా వస్తుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. ‘జీతం పడగానే వేస్తాను’ అనే మాట మీద వదిలేస్తే మళ్లీ అడగడమే అవుతుంది, ఇంతకుముందు గ్యాస్‌కు అడిగారు, ఇప్పుడు అకౌంట్‌లో వేయమని అడుగుతారు. ఆయన తన బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి, జీతం పడిన రెండు రోజులకు ఆ మొత్తం దానంతటదే ఇటు వచ్చేట్టు. మీరూ మీ ఖాతాలో అలాగే పెట్టండి. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ పద్ధతి 2019 డిసెంబర్ నుంచి రోజుకు 24 గంటలూ, సెలవుల్లో కూడా నడుస్తోంది. ఆదివారం వచ్చినా ఆగదు.

ఇంకొకటి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, ఫోన్లో కాదు, ఆయన వచ్చినప్పుడు. ఎంత మొత్తం వరకు ఒకరినొకరు అడగక్కర్లేదో ఒక అంకె అనుకోండి. మీ ఇంటికి 3,000 సరిపోతుందని నాకనిపిస్తోంది. అంతకు లోపల ఏది కొన్నా మెసేజ్ చూసి ప్రశ్న వేయకూడదు. అంతకు మించితే కొనేముందు ఒక మాట చెప్పుకోవాలి. మందులు, ఆసుపత్రి ఖర్చులకు ఈ పరిమితి వద్దు. ఈ ఒప్పందం మీకే కాదు, ఆయనకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఆ కార్డుతో ఆయన అవసరానికి తీస్తే మళ్లీ వేయాలి. అన్నట్టు, వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు ఉచితంగా తీసుకునేవి విశాఖలో 5 సార్లు, హైదరాబాద్‌లాంటి ఆరు మహానగరాల్లో 3 సార్లే. ఆ పైన ప్రతిసారికీ 23 రూపాయల దాకా, దానిమీద పన్ను పడతాయి.

ఏ బ్యాంకు అని మీరు అడగలేదు గానీ ఒక మాట. మినిమం బ్యాలెన్స్ సంగతి చూసుకోండి. స్టేట్ బ్యాంకు మామూలు సేవింగ్స్ ఖాతాలకు దాన్ని 2020లోనే తీసేసింది, 2025లో ఇంకొన్ని ప్రభుత్వరంగ బ్యాంకులూ తీసేశాయి. ప్రైవేటు బ్యాంకులు ఊరి జనాభాను బట్టి పెడతాయి. విశాఖ 10 లక్షలు దాటిన నగరం కాబట్టి పెద్ద ఊళ్ల రేటే పడుతుంది. నెలాఖరుకు ఖాళీ అయ్యే ఇంటి ఖర్చు ఖాతాకు అది అనవసరపు బరువు. ఆయనకు పర్సనల్ లోన్ ఏదైనా ఉంటే అదే బ్యాంకులో ఈ ఖాతా తెరవకండి. వాయిదా తప్పిన నెలలో బ్యాంకువారి చూపు ముందుగా తమ దగ్గరున్న ఖాతాల మీదే పడుతుంది. పాల డబ్బును ఆ తగువులోకి లాగడం ఎందుకు?

పన్ను గురించి మీరు భయపడాల్సిందేమీ లేదు. భర్త భార్య ఖాతాలో వేసే డబ్బుకు పన్ను ఉండదు. వడ్డీకి మాత్రం ఉంటుంది. డబ్బు ఎవరు వేశారో ఆ వంతున వాళ్ల ఆదాయంలో చూపించాలి. పెద్ద బ్యాంకుల్లో సేవింగ్స్ వడ్డీ 2025 నుంచి 2.5 శాతం దగ్గరుంది. సగటున 20,000 నిల్వ ఉంటే ఏడాదికి వచ్చేది 500. సేవింగ్స్ వడ్డీ మీద టీడీఎస్ (బ్యాంకే ముందుగా కోసుకునే పన్ను) కూడా పట్టుకోరు. పాత పన్ను విధానంలో ఉంటే 10,000 దాకా మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, ఖాతాలో మిగిలింది పోగయ్యాక మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే. ఆయన డబ్బుతో మీ పేరున వేసిన డిపాజిట్ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. మీ పేరున వేస్తే పన్ను తప్పించుకోవచ్చని చెప్పేవాళ్ల మాట వినకండి. ఎవరి పొదుపు వాళ్ల సొంత ఖాతాలోంచి వాళ్ల పేరున చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

నామినీ గడి ఖాళీగా వదలకండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి కదా అనుకుంటారు. నామినీ అవసరం ఇద్దరూ లేనప్పుడు వస్తుంది. మీకైతే అది మరీ ముఖ్యం, ఎందుకంటే పాప చిన్నది. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి వరకు నామినీలుగా పెట్టుకోవచ్చు. పాప పేరు పెడితే ఆమె మైనర్ కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దవారి పేరు కూడా రాయాలి. బ్యాంకు మునిగితే అన్న భయానికి, ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల వరకు బీమా ఉంది. మీ ఇంటి ఖర్చు ఖాతా దాని దరిదాపులకు కూడా రాదు.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ భయాన్ని కొట్టిపారేయను. ఐదర్ ఆర్ సర్వైవర్ ఖాతాలో ఒకరు మొత్తం తీసేసినా బ్యాంకు అడ్డుపడదు, ఎందుకు తీశారని అడగదు కూడా. ఇద్దరి మధ్య తేడా వచ్చి ఒకరు లావాదేవీలు ఆపమని రాసిస్తే సాధారణంగా బ్యాంకు ఆపుతుంది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే కదులుతుంది. గొడవకు అవకాశం ఉంది. కానీ ఎంత డబ్బు మీద? ఆ ఖాతాలో ఎప్పుడూ ఒకటి రెండు నెలల ఇంటి ఖర్చుకు మించి ఉంచకపోతే పోయేదీ అంతే. మిగతాది ఎవరి ఖాతాలో వాళ్లది భద్రంగా ఉంటుంది. ఆవిడకు ఇది వివరంగా చెప్పండి. చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన.

ఆవిడ పేరు మూడోదిగా కలపడం మాత్రం వద్దు. ఆవిడ మీద అనుమానంతో అనడం లేదు. మూడు పేర్లుంటే ఖాతాలో ఏ చిన్న మార్పుకైనా ముగ్గురి సంతకాలు కావాలి, రేపు ఆవిడ లేచి బ్యాంకు దాకా రాలేని రోజున మీ పనే ఆగిపోతుంది. పైగా పెద్దవాళ్ల ఫోన్లకు వచ్చే మోసపు కాల్స్ సంగతి మీకు తెలిసిందే. ఒక్క ఓటీపీ చెబితే ఇల్లంతటి నెల ఖర్చు పోతుంది. ఆవిడ పేరు కలపమనడం వెనక అసలు బెంగ వేరే ఉండొచ్చు. మీరు బడిలో, కొడుకు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తనకు ఒంట్లో బాగోకపోతే చేతిలో డబ్బెలా అన్నది. దానికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు. ఇంటి ఖాతాలోంచి 10,000 తీసి ఆవిడ బీరువాలో, ఆవిడ తాళం కింద పెట్టండి. లెక్క అడగకండి. ఖర్చయితే తర్వాతి నెల మళ్లీ నింపండి.